తాళం తీయమన్నందుకు

బీఈడీ కాలేజీకి మొదటి రోజు వెళ్లేసరికి తరగతి గదికి తాళం వేసి ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ప్లాస్టిక్ బకెట్లు, డ్రమ్ములు అమ్మే హోల్‌సేల్ దుకాణం మీద రెండంతస్తుల్లో ఉండేది మా కాలేజీ. ఆఫీసు గదిలో క్లర్కు ఒక్కడే ఉన్నాడు. నడివయసు మనిషి. నేను ఏదో కాగితం ఇవ్వడానికి వచ్చాననుకుని చెయ్యి చాపాడు.

"క్లాసు ఏ రూముల సార్?" అని అడిగాను.

"క్లాసా?" అన్నాడు, ఆ మాట మొదటిసారి విన్నట్టు. "అమ్మా, రోజు వచ్చే పనిలేదు. అటెండెన్స్ మేమే చూస్కుంటం. పరీక్షలప్పుడు ఫోన్ జేస్త, అప్పుడు రాండ్రి. ఫికర్ జెయ్యకుండ్రి."

"నేను చదువుకోనీకె వచ్చిన సార్."

"మొదటి దినం అందరు గట్లనే అంటరు" అని నవ్వి, టీ తాగడానికి కిందికి వెళ్లిపోయాడు.

నేను వెళ్లలేదు. ఆ తలుపు పక్కనే మెట్ల మీద కూర్చున్నాను. కింద దుకాణంలో డ్రమ్ములు దించే చప్పుడు వింటూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను.

నేనంత పట్టుగా ఎందుకు కూర్చున్నానో చెప్పాలి. మాది గౌలిపుర. అత్తగారింట్లో బర్రెలున్నాయి, పొద్దున్నే చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోసి రావడం కోడలిగా నా పని. పెళ్లయిన కొత్తలో ఇంటి దగ్గరి చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. డిగ్రీ ఉందని తీసుకున్నారు. ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు నాకెలా చెప్పారో నేనూ అలాగే చెప్పాను: గట్టిగా చదవడం, పిల్లల చేత గట్టిగా అనిపించడం, బోర్డు మీద రాసింది ఎక్కించుకోమనడం. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పాఠమంతా తడుముకోకుండా అప్పజెప్పేది. పుస్తకం తెరిచి ఒక మాట మీద వేలుపెట్టి ఇదేంటని అడిగితే మాత్రం నా ముఖంలోకి చూసేది. ఏడాదంతా తిప్పలు పడ్డాను. తిట్టాను, బుజ్జగించాను, బడయ్యాక కూర్చోబెట్టుకున్నాను. ఏమీ కాలేదు. "ఆ పిల్లకు గంతే వస్తది, ఇడ్వు" అన్నాడు బడి యజమాని.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కొంత, ఏం చెయ్యాలో తెలియని నా మీద చాలా. ఆ కోపంతోనే ఎంట్రన్సు రాశాను. ఇంట్లో వాళ్లు సర్కారు కొలువు కోసమనుకున్నారు. ఆ ఆశ లేదని అబద్ధం చెప్పను. కానీ చదవడం రాని పిల్లకు చదువు ఎలా వస్తుందో నాకు ఎవరైనా నేర్పాలి. ఆ నేర్పే చోటికే తాళం వేసి ఉంది.

రెండో రోజూ వెళ్లాను. మూడో రోజూ వెళ్లాను. మెట్ల మీద ఆడమనిషి కూర్చుంటే వచ్చీపోయేవాళ్లు అడుగుతున్నారని విసుక్కుంటూ క్లర్కు తాళం తీశాడు. బల్లల మీద దుమ్ము వేలితో పేరు రాసుకునేంత మందంగా ఉంది. చున్నీ కొసతో ఒక బల్ల తుడుచుకుని కూర్చున్నాను. మనోవిజ్ఞానం పుస్తకం తీసి నాకు నేనే పైకి చదువుకున్నాను.

ఆ వారంలోనే యాకుత్‌పురా నుంచి నాలాగే కొత్తగా చేరిన ఒకామె ఆఫీసులో ఫొటోలు ఇవ్వడానికి వచ్చింది. నాకంటే పెద్దది. బుర్ఖా ముసుగు పైకెత్తి తలుపు దగ్గర నిలబడి, "క్లాస్ చల్‌రీ క్యా?" అని అడిగింది.

"చల్‌రీ ఆపా. ఆయియే" అన్నాను, నడుస్తోందక్కా, రండి అని.

ఆమె లోపలికి వచ్చి నాలుగు వైపులా చూసింది. "టీచర్ కహాఁ?"

"టీచర్ లేరు. మనమే."

పడీపడీ నవ్వింది. నవ్వుతూనే నా పక్కన కూర్చుంది. మరుసటి రోజు నుంచి ఇద్దరమయ్యాం. నేను తెలుగులో చదివితే ఆమె ఉర్దూలో వివరించేది, ఆమెకు అర్థం కానిది నేను చెప్పేదాన్ని. ఇద్దరికీ అర్థం కాని చోట్లు బోలెడుండేవి. వాటి కోసం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం.

ఆయన మమ్మల్ని కూర్చోమనలేదు. "అటెండెన్స్ పర్సంటేజీ వేస్తున్నం గదా. ఇంకేం గావాలె మీకు?" అన్నాడు.

"చదువు గావాలె సార్" అన్నాను.

ఆయనకు అది పొగరుగా వినిపించింది. పొగరే. నాకు సీటు వచ్చిందని కాగితమిచ్చిన కాలేజీలో చదువు అడగడానికి బతిమాలాల్సిన పనేమిటి?

ఆఫీసులో కంప్యూటరు ముందు ఎప్పుడూ స్కాలర్‌షిప్ ఫైళ్లు సర్దుతూ ఒక యువకుడు కనిపించేవాడు. అతను మా లెక్చరరేనని, ఎం.ఈడీ. చేశాడని ఆపా కనుక్కుంది. వెళ్లి అడిగితే తల దించుకున్నాడు. "నన్ను అడ్మిషన్ల పనికే పెట్టిన్రక్కా. క్లాసు చెప్పి రెండేండ్లయింది. మర్చిపోయిన కావచ్చు."

"మర్చిపోయినదాన్కెల్లే మొదలుపెట్టున్రి" అంది ఆపా.

అతను ఒక గంట వచ్చాడు. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. నేను ఆ నాలుగో తరగతి పిల్ల సంగతి చెప్పాను. అంతా విని, "ఆ పిల్ల చదువుతలేదక్కా, యాది పెట్టుకుంటున్నది" అన్నాడు. "అక్షరానికి, నోట్లె వచ్చే సప్పుడుకు ఆమెకు ముడి పడలె. పాఠంతోని కాదు, ఆమె ఇంట్ల రోజూ అనే మాటలతోని మొదలుపెట్టాలె." బోర్డు మీద 'పాలు' అని రాసి, 'పా'ను విడదీసి, దాంతో ఇంకేం మాటలొస్తాయో మమ్మల్నే అడిగాడు. ఏడాది పాటు నేను పట్టుకోలేకపోయిన కొస అది. ఈ మాట చెప్పగలిగే మనిషిని ఫైళ్ల ముందు కూర్చోబెట్టారే అని మళ్లీ కోపం వచ్చింది.

మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. "అందరు ఇంట్లనే ఉండి పాసైతున్నరు. నీకేంది గీ లొల్లి?" అన్నాడు. మా అత్తమ్మ మాత్రం ఏమీ అడగలేదు. ఒకరోజు నేను లేచేసరికి పాలక్యాను తనే తీసుకుని బయల్దేరుతోంది. "నువ్వు పోవే, నీ బస్సు పోతది" అంది. అప్పట్నుంచి ఇళ్లకు పాలు పోసే పని ఆమెదే అయింది.

రెండో ఏడాది టీచింగ్ ప్రాక్టీసు వచ్చింది. బళ్లోకి వెళ్లి పాఠాలు చెప్పాలి, వాటి రికార్డు రాయాలి, హెడ్మాస్టర్ సంతకం తీసుకోవాలి. మా కాలేజీలో వీటిలో మొదటి పని ఎవరూ చేయరు. రాసి పెట్టిన రికార్డులు జిరాక్స్ షాపులో దొరుకుతాయని క్లర్కు దారి కూడా చెప్పాడు. సంతకాలు కాలేజీవాళ్లే తెప్పిస్తారట.

నేనూ ఆపా మూసీ మీది నయాపూల్ వంతెన దాటి, అక్కడికి దగ్గర్లోని సర్కారు బడికి నేరుగా వెళ్లాం. హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు పైనుంచి మమ్మల్ని చూసి, "ముద్ర కోసమా? ఆ టేబుల్ మీదున్నది, ఏస్కొని పోండ్రి" అంది విసుగ్గా.

"ముద్ర వద్దు మేడం. క్లాసు ఇయ్యున్రి" అన్నాను.

ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "మీ కాలేజీ నుంచేనా?" అని రెండుసార్లు అడిగింది.

నాకు ఆరో తరగతి సోషల్ ఇచ్చింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, భయమెందుకనుకున్నాను. వెనక బెంచీలో ఆమె కూర్చుని చూసింది. నేను గుక్కతిప్పుకోకుండా చెప్పాను, ప్రశ్నలు అడిగాను, బోర్డు నింపాను. బాగా వచ్చిందనే అనుకున్నాను. పిల్లలు వెళ్లాక ఆమె, "ఒక్క పిల్లయినా మాట్లాడిందా?" అని అడిగింది.

నేను ఆలోచించాను. లేదు.

"ప్రశ్న నువ్వే అడుగుతున్నవ్, జవాబు నువ్వే చెప్తున్నవ్. వాళ్లు ఊపిరి పీల్చేలోపే అయిపోతున్నది. అడిగినంక ఆగు. క్లాసు నిమ్మలమైతె భయపడకు. పిల్లలు ఆలోచన చేసెటప్పుడు సప్పుడు రాదు."

అంత సూటిగా నన్ను ఎవరూ దిద్దలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ, మరునాడు అందరికంటే ముందు బడి గేటు దగ్గర నిలబడ్డది నేనే.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. కాలేజీ నుంచి మిగతావాళ్ల రికార్డులు కట్టగా వెళ్తే హెడ్మిస్ట్రెస్ వెనక్కి పంపింది. చెప్పడానికి వచ్చినవాళ్లకే సంతకం పెడతానంది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి అందరి ముందూ కేకలేశాడు.

"నువ్వు బళ్లెకు పోవట్టి అందరి రికార్డులు ఆగినయ్. ఇంటర్నల్ మార్కులు నా చేతుల ఉన్నయ్, తెలుసా? పోయి ఆమెకు సారీ జెప్పి సంతకాలు పట్టుకరా."

"సారీ దేనికి సార్? పాఠం చెప్పినందుకా?"

"నోరు మస్తు లేస్తున్నది నీకు."

"మార్కులు తక్కువేస్తరా, ఏయున్రి. నేను చెప్పిన పాఠాలు మాత్రం చెప్పలేదని అనలేరు."

గదిలోంచి బయటికి వచ్చాను. ఆయన కేకల కంటే బయట నా కోసం ఎదురుచూస్తున్న ఒక తోటి విద్యార్థిని మాటలే నన్ను ఎక్కువ కుదిపాయి. ఆమె మందుల దుకాణంలో పనిచేస్తుంది, చంటిబిడ్డ తల్లి.

"అక్కా, నీకు ఇంట్ల అత్త ఉన్నది, పోతున్నవ్. నాకెవరున్నరు? పొద్దంత దుకాణంల నిలబడ్త. నువ్వు పంతం పట్టినవ్, నా చదువు ఆగింది."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను మెట్ల మీద కూర్చోగలిగానంటే ఇంట్లో నా పని ఇంకొకరు ఎత్తుకున్నారు. అలాగని సంతకం తెచ్చివ్వడానికి మనసొప్పలేదు. ఆపాతో కలిసి మళ్లీ హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లాం. పనులకు పోయేవాళ్లు వచ్చేట్టు మొదటి పీరియడ్ ఇమ్మని అడిగాం.

"ఎవరొచ్చినా క్లాసు ఇస్త. రాకుంటె మాత్రం సంతకం పెట్ట" అంది ఆమె.

ఆ అమ్మాయి దుకాణం తెరిచేలోపు వచ్చి పాఠం చెప్పేది. ఆమె లోపల చెబుతుంటే వరండాలో బిడ్డను ఎత్తుకుని తిరిగేది నేనూ ఆపా, వంతుల వారీగా. బిడ్డ ఏడిస్తే ఆమె గొంతు ఒక్క క్షణం ఆగేది, మళ్లీ సాగేది. ఆమెను చూసి ఇంకొందరు వచ్చారు. అందరూ రాలేదు. రానివాళ్లకు ప్రిన్సిపాల్ వేరే ఏదో బడి ముద్ర వెతికి తెచ్చాడు. వాళ్లూ పాసయ్యారు. లోకం మారిపోయిందని నేను చెప్పడం లేదు.

ఫైనల్ ప్రాక్టికల్ రోజున బయటి నుంచి పెద్దాయన ఒకాయన ఎగ్జామినర్‌గా వచ్చాడు. ఆఫీసులో బిర్యానీ తెప్పించారు. పొట్లాలు విప్పుతుండగా నేనూ ఆపా వెళ్లి, మా పాఠాలు చూడాలన్నాం.

"అవసరం లేదమ్మా. అందరు బాగనే చేసిన్రట గదా" అన్నాడు ఆయన.

"ఎవరు చూసిన్రు సార్?" అని అడిగాను.

ఆయన ప్రిన్సిపాల్ వైపు చూశాడు, పొట్లం వైపు చూశాడు, చివరికి లేచాడు. ఎండలో నయాపూల్ మీదుగా బడికి నడిచాం. ముందు మేమిద్దరం, వెనక రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఎగ్జామినరూ ప్రిన్సిపాలూ.

నాది నదుల పాఠం. బోర్డు మీద పటం గీసి, "మీరు రోజూ దాటి వచ్చే మూసీ ఎటు నుంచి ఎటు పారుతది?" అని అడిగాను. అడిగి ఆగాను.

క్లాసు నిశ్శబ్దమైంది. బయట బస్సుల హారన్లు వినిపించాయి. ఎగ్జామినర్ కుర్చీలో కదిలాడు. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, "మేడం, ముందుకు పోండ్రి" అన్నాడు. నేను వెళ్లలేదు. చాక్‌పీసు చేతిలో పట్టుకుని పిల్లల వైపే చూస్తూ నిలబడ్డాను.

చివరి బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. "మేడం, అది పారదు. ఆగుంటది."

క్లాసంతా నవ్వింది. "ఏయ్, వానలు పడ్డప్పుడు పారుతది, నేను జూసిన" అన్నది ఇంకో పిల్ల. "ఎటు?" అన్నాను. "చాదర్‌ఘాట్ దిక్కు!" "అయితె చాదర్‌ఘాట్ ఏ దిక్కున్నది?" పిల్లలు కిటికీ దగ్గరికి ఎగబడ్డారు, పొద్దు ఏ వైపు పొడుస్తుందో కొట్లాడుకున్నారు. వాళ్లు చెప్పినట్టే బోర్డు మీద బాణం గీశాను. తరవాత, వానలు లేనప్పుడు నది ఎందుకు ఆగిపోతుందని అదే పిల్లను అడిగాను. బెల్లు కొట్టేదాకా ఎగ్జామినర్ కూర్చున్నాడు. తరవాతి పీరియడ్ ఆపాది. అది కూడా చూశాడు.

ఫలితాలొచ్చాయి. ప్రాక్టికల్‌లో మంచి మార్కులే పడ్డాయి. ఇంటర్నల్స్‌లో మాత్రం కాలేజీ మొత్తంలో అందరికంటే తక్కువ మాకిద్దరికే. ఫస్ట్ క్లాసు కొద్దిలో పోయింది.

సర్టిఫికెట్ తీసుకోవడానికి వెళ్లిన రోజు ప్రిన్సిపాల్ స్వయంగా ఇచ్చాడు. "సప్పుడు జెయ్యక ఉంటె ఫస్ట్ క్లాస్ వస్తుండె" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగా నా మంచి కోరి అన్నట్టే ఉంది.

"వస్తుండె సార్. కాని సప్పుడు జెయ్యక ఉంటె టీచర్ను అయ్యేదాన్ని గాదు" అన్నాను.

ఛత్రినాకలోని ఒక బడిలో అప్పటికే నన్ను మూడో తరగతి టీచరుగా తీసుకున్నారు. మధ్యాహ్నం నుంచి క్లాసుంది. సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని, ఆటో కోసం రోడ్డు దాటాను.