తట్ట కింద అడుగు

పొద్దున ఆరూ పదికి పాలవాడు రెండు ప్యాకెట్లు గుమ్మం దగ్గర పెట్టి పోయాడు. రోజూ అతను వచ్చే వేళే అది. నేను వాటిని తెచ్చి వంటింటి గట్టు మీదున్న తాటాకు తట్టలో పెట్టాను. తడి తగలగానే తట్టలోంచి పాత తాటాకు వాసన లేచింది. అది మా రంగత్త తట్ట. అత్త పోయి నలభై రోజులైంది. పదహారో రోజు కార్యం అయ్యాక ఆమె సామాన్లు పంచుకుంటుంటే ఎవరికీ అక్కర్లేకుండా మిగిలింది ఇదొక్కటే, అందుకే దీన్ని నేనుండే విరుదునగరానికి తెచ్చుకున్నాను.

అప్పుడే ఫోను మోగింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో పంపారు. కారు దీపాల వెలుగులో ఏదో జంతువు రోడ్డు దాటింది, అంతే, నాలుగు క్షణాలు. కింద 'కారియాపట్టి దగ్గర చిరుతపులి, జాగ్రత్త' అని రాసి ఉంది. పాలు పొంగేలోపల తగువు మొదలైంది. ఒకరు కుక్క అన్నారు, ఒకరు అడవిపిల్లి అన్నారు, ఇంకొకరు ఇది ఎప్పుడో వేరే రాష్ట్రంలో తీసిన వీడియో అన్నారు. మా పిన్ని కొడుకు అయితే ఇంట్లో కూర్చునే దాని తోక పొడవు కొలిచేశాడు. నేల మీద అడుగు చూశామని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ నలభై ఏళ్ళలో మా వైపు పులి కనబడిందన్న మాట పుట్టిన ప్రతిసారీ ఇదే తంతు. నాకు విసుగెత్తిపోయింది.

మా ఊరు కోవిల్పట్టి నుంచి విళాత్తికుళం పోయే దారిలో ఉంది. నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న సేద్యం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం నేను పెద్దయ్యాక పట్టుదల కొద్దీ నేర్చుకున్నాను, అత్తకు ఏ అక్షరమూ రాదు. కాని ఆమె నేలను చదివేది. భర్త పోయాక పుట్టింటికి తిరిగొచ్చి, పది మేకలు పెట్టుకుని, మా నాయన చేను గట్ల మీద బతికిన మనిషి. ఆ రోజుల్లో ఊళ్ళో చెప్పులున్న కాళ్ళు తక్కువ. ఏ అడుగు ఎవరిదో, ఎవరు ఎడమకాలు ఈడుస్తారో, ఎవరి ఆవు గర్భంతో ఉండి బరువుగా నడుస్తోందో అత్తకు తెలుసు. సెలవుల్లో మేం పిల్లలం ఆమెను మోసం చేయాలని ఒకరి నడక ఒకరు నడిచేవాళ్ళం. నేను మా అన్నలాగా అంగలు చాచి దుమ్ములో నడిస్తే, ఆమె వచ్చి ఒక్కసారి చూసి, "అడుగు నీది, అంగ వాడిది. పో, పోయి నీళ్ళు మోసుకొని రా" అనేది.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. మేక తప్పిపోయినా, కల్లంలో గింజ పోయినా, కొత్త అడుగు కనబడితే దాని మీద తట్ట బోర్లించి, పైన రాయి పెట్టి, తెలిసినవాళ్ళు వచ్చేదాకా ఆగేవాళ్ళు. రాయి పెట్టిన తట్టను ఎవరూ కదిలించరు. గాలికి, కోళ్ళకు, ఆత్రపు జనానికి దొరక్కుండా అడుగు అక్కడ భద్రంగా ఉండేది. చివరికి అత్త వచ్చి తట్ట ఎత్తి చూసి ఒక మాట చెప్పేది. దానికి ఎదురు ఉండేది కాదు. ఆమెకు పొలం లేదు, పిల్లలు లేరు, ఊళ్ళో ఆమెకు ఉన్న ఆస్తి ఆ మాట ఒక్కటే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, కార్తీక దీపం పండగ మర్నాటి సంగతి. అప్పటికి వానలు వెలిసి మూడు రోజులైంది. తడి రేగడి కాళ్ళకు అంటుకుని వదలని దశ దాటి, పిసికిన పిండిలాగా, ఏది తొక్కితే దాన్ని పట్టి ఉంచే దశకు వచ్చింది. ముందురోజు తాటాకు దొన్నెల్లో బెల్లం, పెసరపప్పు కలిపి ఉడికించిన కొళుక్కట్టలు ఇంకా మిగిలి ఉన్నాయి, ఆకు వాసన పట్టి మర్నాటికి ఇంకా రుచిగా ఉండేవి. నేను వసారాలో ఒకటి వలుచుకుంటున్నాను. పక్కింటి ఆడవాళ్ళు అప్పటికే కూలికి అగ్గిపెట్టెలు అతికించడానికి కూర్చున్నారు, జిగురు వాసన వీధంతా ఉంది. అత్త పొలం వైపు నుంచి వచ్చింది. ఆమె అంత నెమ్మదిగా నడవగా నేనెప్పుడూ చూడలేదు.

మా నాయనతో ఆమె చెప్పింది ఇంతే. "వాగు పక్క సజ్జచేన్లో చిర్తపులి ఉండాది రా. గట్టు మింద కూసోనుండె. నన్ను చూసె, లేచె, సర్కారు తుమ్మల్లోకి దూరె."

"కుక్కై ఉంటాది అక్కా."

"కుక్క అట్ల కూసోదు. అడుగు మింద తట్ట పెట్టి వచ్చినా. మేకలకి పిల్లోళ్ళని వాగు పక్క పంపొద్దు."

మా నాయన చెడ్డవాడు కాదు. కాని ఆ వారం సజ్జ పక్కనే ఉన్న మా పత్తి చేలో కలుపు తీయాలి, పక్క ఊరి నుంచి కూలీ ఆడవాళ్ళు రావాలి. పులి అన్న మాట పుడితే ఒక్కరూ రారు. వాన తర్వాత పదిరోజులు కలుపు వదిలేస్తే పత్తి చేను పత్తి చేనులా ఉండదు. కాబట్టి ఆయనకు అది కుక్క కావడం అవసరం.

అత్త మళ్ళీ పొలం వైపు తిరిగింది. నన్ను వెంట రమ్మంది. సజ్జ కంకులు అప్పటికి గింజ పాలు పట్టి, మా నెత్తికి పైన ఎత్తుకు ఊగుతున్నాయి. గట్టు మొదట్లో బోర్లించిన తట్ట, ఇదే తట్ట, దాని మీద రాయి. ఆమె రాయి తీసి, తట్టను ఒక పక్కగా ఎత్తింది.

"ముట్టొద్దు. చూడు. ఎన్ని వేళ్ళు?"

"నాలుగు."

"గోరు ఉండాదా?"

నేను వంగి చూశాను. వేళ్ళ ముందు నేల నున్నగా ఉంది. గీత లేదు, గుంట లేదు.

"లేదత్తా."

"కుక్కకి గోరు దిగుతాది. పిల్లి జాతి గోరు లోపల పెట్టుకొని నడుస్తాది. నీ చెయ్యి పైన పట్టి చూడు, తాకించొద్దు." నా అరచేయి దాన్ని పూర్తిగా కప్పలేదు. "ఇంత లావు పిల్లి మనూర్లో ఎవరింట్లో ఉండాది పాపా?" అని తట్ట బోర్లించి, రాయి పెట్టేసింది. "బాగా చూసుకొంటివి గదా. ఎవరన్నా అడిగితే చెప్పల్ల."

మధ్యాహ్నానికి ఊరు రెండు ముక్కలైంది. టీ కొట్టు దగ్గర మగవాళ్ళు ఇది కొండ ప్రాంతం కాదు కదా, పులి ఎక్కణ్ణుంచి వస్తుంది, నడిచి వస్తుందా, బస్సులో వస్తుందా అని నవ్వారు. ఒకాయన రంగమ్మ మేకలు మేపే చోటికి ఇంకెవరూ రాకూడదని ఈ పులిని పుట్టించిందన్నాడు. అగ్గిపెట్టెల దగ్గర ఆడవాళ్ళు తమకు ఎప్పటినుంచో అనుమానంగా ఉందన్నారు, ఆ అనుమానం అంతకుముందు ఎందుకు చెప్పలేదో ఎవరూ అడగలేదు. పోయి అడుగు చూసి వచ్చినవాడు మాత్రం ఎవడూ లేడు. మర్నాడు ఫారెస్టు గార్డు వస్తాడని, అంతదాకా తట్ట ముట్టవద్దని ఊరి పెద్ద అన్నాడు. అత్తకు కావలసిందీ అదే.

మర్నాడు తొమ్మిది గంటలప్పుడు గార్డు సైకిలు మీద వచ్చాడు. వెనకాల ఇరవై మంది మగవాళ్ళు, ముందు అత్త, ఆమె చెయ్యి పట్టుకుని నేను. చేను గట్టు తిరగగానే అత్త ఆగిపోయింది. తట్ట ఒక పక్కన వెల్లకిలా పడి ఉంది. అడుగు ఉన్నచోట పసుపు, కుంకుమ, పాలు కలిసిన బురద. మడమ గుంటలో కార్తీక దీపం ప్రమిద ఒకటి కుదురుగా కూర్చుని, ఆరిపోయి ఉంది. పక్కన రెండు కొళుక్కట్టలు, వాటికి చీమలు. మా అవ్వ, అంటే అత్తను కన్నతల్లి, ఇంకో ఇద్దరు ముసలమ్మలతో కలిసి తెల్లవారుజామునే వచ్చి పూజ చేసింది.

అవ్వ అక్కడే ఉంది. తప్పు చేసినట్టు ఆమెకేమీ అనిపించలేదు. "అమ్మవారి వాహనం మన చేన్లో అడుగు పెట్టింటే, దాన్ని తట్ట కింద మూసి పెడ్తారా? నా కూతురు అబత్తం చెప్పదు. నేను నమ్మినా."

ఊరంతటిలో అత్తను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. ఆ నమ్మకంతోనే ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ పసుపునీళ్ళతో కడిగేసింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

అత్త వంగి ఆ బురదను చూసింది. "నమ్మనోళ్ళు గూడ ఇంత చెరుపు చెయ్యలేదు గదమ్మా" అంది.

మిగిలిన అడుగులు గట్టి గట్టు మీద, గడ్డిలో పడి గుర్తు లేకుండా పోయాయి. గార్డు వంగి చూసి, ప్రమిద ఎత్తి చూసి, ఇందులో నేనేం రాయను అని తమిళంలో అడిగాడు. మగవాళ్ళు నవ్వారు. అప్పుడు అత్త నా భుజం మీద చెయ్యి వేసి, ఈ పిల్ల చూసింది, అడగండి అని తమిళంలోనే చెప్పింది.

గార్డు నా ఎత్తుకు వంగాడు. మంచివాడే. గోళ్ళు ఉన్నాయా తల్లీ అని మెల్లగా అడిగాడు. నేను మా నాయన వైపు చూశాను. ఆయన నన్ను బెదిరించలేదు, తల అడ్డంగా ఊపలేదు, ఊరికే చూశాడు, అంతే. ఆయన వెనక, చేనుకు అవతల, కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని, దిగాలా వద్దా అని నిలబడి ఉన్నారు.

"సరిగా చూడలేదు" అన్నాను.

అత్త చెయ్యి నా భుజం మీద నుంచి లేచింది. గార్డు కుక్క అయ్యుండవచ్చు అని రాసుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు చేలో దిగారు. ఆ ఏడు పత్తి బాగానే పండింది.

పులి మళ్ళీ రాలేదు. ఏ మేకా పోలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆమె అబద్ధానికి సాక్ష్యమని ఊరు తేల్చింది. ఆనాటి నుంచి ఆమె పేరు పులక్క. "పులక్కా, ఈ పొద్దు ఏమొచ్చె, సింగమా?" అని బడిపిల్లలు కూడా అడిగేవాళ్ళు. "మీ నాయన వచ్చె, పాలు తాగి పాయె" అనేది ఆమె. జవాబుకు తడుముకునే మనిషి కాదు. కాని తర్వాత మేక తప్పిపోతే ఆమెను పిలవడం మానేశారు. నాతో ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎన్నో పుస్తకాలు చదివాను, తెలిసిన నిజం చెప్పడం మీద బడిలో పిల్లలకు పాఠాలు కూడా చెప్పాను, ఊరికి పోయినప్పుడల్లా రేపు అడుగుదాం అనుకుంటూ వచ్చేశాను. చివరి పండక్కి పోయినప్పుడు ఆమె ఈ తట్టలో ఎండుమిరపకాయలు ఆరబోస్తూ ఉంది. అప్పుడైనా అడిగి ఉండవచ్చు.

ఇవాళ పాలు దించాక గ్రూపులో రాశాను. మొదట, ఎవరైనా నేల చూశారా అని. నవ్వే బొమ్మలు రెండు వచ్చాయి. తర్వాత ఇంకోటి రాశాను. రంగత్త చూపించిన అడుగు నేను చూశాను, నాలుగు వేళ్ళు, గోళ్ళు లేవు, అప్పటి నా అరచేతి కన్నా పెద్దది, గార్డు అడిగినప్పుడు సరిగా చూడలేదని అబద్ధం చెప్పాను అని.

కాసేపటికి మా పిన్ని కొడుకు, "ఇప్పుడెందుకు అక్కా అది, ఆ కారియాపట్టి రోడ్డుకు పోయిన నెలే సిమెంటు వేసినారు, అడుగెక్కడ పడ్తాది" అని పెట్టాడు. తర్వాత ఎవరో వేరే వీడియో పంపారు.

ప్యాకెట్లు తీసేశాక తట్ట ఎండలో పెట్టాను. ఒక వైపు అల్లిక విడిపోతోంది. మా ఊళ్ళో ఇప్పుడు అడుగు మీద ఎవరూ తట్ట బోర్లించరు.