మా ఇంట్లో ప్రామ్ ప్రాజెక్టు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. నేను నడిచి వెళుతుంటే లోకమంతా చేస్తున్న పని ఆపుకుని నా నడకనే చూస్తోందని. (ముప్పై దాటాక, నేను ఆఫీసుకు సెలవు పెట్టిన సంగతి కూడా మూడో రోజుకి గాని ఎవరూ గమనించరని తెలిసింది. అది వేరే విషయం.) అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మూడో తరగతి దాకా విజయవాడలో చదివి, మా నాన్న ఉద్యోగం వల్ల వర్జీనియాలోని షాంటిలీకి వచ్చి పడినవాణ్ణి. ఇంగ్లీషు తొందరగానే పట్టుబడింది గాని, చేతులూ కాళ్ళూ మాత్రం నా మాట వినేవి కావు. భుజాలు ఒకవైపు వెళితే మోకాళ్ళు ఇంకోవైపు వెళ్ళేవి. అలాంటివాణ్ణి, హైస్కూల్ ఆఖర్లో ప్రామ్ అనే డాన్సు పార్టీకి వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. అబ్బాయిలు సూట్లూ అమ్మాయిలు గౌన్లూ వేసుకుని, ఒక పెద్ద హాల్లో, టీచర్లు చూస్తుండగా డాన్సు చేసే పండగ అది. దానికి ఒక్కడే వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. కానీ నేను నా కెమిస్ట్రీ ల్యాబ్ పార్టనర్‌ని పిలవాలనుకున్నాను.

ఆ అమ్మాయి తల్లిదండ్రులు ఇథియోపియా నుంచి వచ్చినవాళ్ళు. తను మాత్రం ఇక్కడే పుట్టింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మా స్కూల్లో అబ్బాయిలు అమ్మాయిల్ని ప్రామ్‌కి పిలవాలంటే బెలూన్లు కట్టేవాళ్ళు, అట్టల మీద కవిత్వం రాసేవాళ్ళు, ఒకడైతే కుక్క మెడలో బోర్డు వేలాడదీశాడు. నాకంత ధైర్యమూ లేదు, కుక్కా లేదు. అందుకని ఒకరోజు ల్యాబ్‌లో, గాజుగొట్టంలోంచి చుక్కచుక్కగా మందు వదులుతూ రంగు మారే క్షణం కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఫ్లాస్కు వైపే చూస్తూ, నాతో ప్రామ్‌కి వస్తావా అని అడిగేశాను. ఆమె నా వైపు చూడకుండానే, ముందు ఆ కొళాయి కట్టెయ్యమంది. అప్పటికే ఫ్లాస్కులో నీళ్ళు గులాబీ రంగు దాటి బీట్‌రూట్ రసంలా తయారయ్యాయి. ప్రయోగం మళ్ళీ మొదట్నుంచి చేశాం. రెండోసారి రంగు సరిగ్గా వచ్చాక, నోట్‌బుక్‌లో అంకె రాసుకుని, అప్పుడు చెప్పింది జవాబు.

"వస్తాను. కానీ నీకు డాన్స్ వచ్చా? మా ఇంట్లో పర్మిషన్ కోసం నేను మూడు వారాలు పోరాడాలి. అంత పోరాడి, వచ్చి గోడ పక్కన నిలబడలేను." (ఆమె ఇంగ్లీషులోనే అంది. నా జ్ఞాపకం మాత్రం ఎందుకో ఆమె చేత ఎప్పుడూ తెలుగే మాట్లాడిస్తుంది.)

వచ్చన్నాను. ఉగాది కార్యక్రమాల్లో ప్రతి ఏడూ డాన్స్ చేస్తానన్నాను. అది అబద్ధం కాదు. మూడో వరసలో, మా గ్రూపులో అందరికన్నా పొడుగ్గా ఉండే ఇద్దరన్నదమ్ముల వెనక నిలబడి చేసేవాణ్ణి. ఆ ఏర్పాటు మాకు డాన్స్ నేర్పే ఆంటీది.

ఇంట్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మా నాన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిలీజ్ మేనేజర్. అంటే, కొత్త ప్రోగ్రామ్ జనం ముందుకు వెళ్ళే రోజున ఏమేం పాడవుతాయో ముందే ఊహించి భయపడడం ఆయన ఉద్యోగం. ఆ భయాన్ని ఆయన ఆఫీసులో వదిలి వచ్చేవారు కాదు. ప్రామ్ అనగానే చదువుతున్న పేపర్లు పక్కన పెట్టి, వద్దు అన్నారు. ఎందుకని అడిగితే, ఎందుకో తర్వాత చెప్తానన్నారు. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. వారాంతాల్లో మా ఇంటికి వచ్చి ఉండే మా బాబాయి రాకపోయుంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. బాబాయి నాన్నకు ఆఖరి తమ్ముడు, దగ్గర్లోని యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఆరడుగుల మనిషి. తనకు తెలియని విషయం కూడా తెలిసినట్టే చెప్పగలడు. శనివారం భోజనాల దగ్గర పప్పు వడ్డించుకుంటూ మెల్లగా అన్నాడు.

"అన్నయ్యా, వీడు నీకు చెప్పకుండా వెళ్ళి ఉంటే నీకసలు తెలిసేది కాదు. అడుగుతున్నాడు కదా. అడిగినవాడికి నో అంటే, నెక్స్ట్ టైమ్ అడగడం మానేస్తాడు."

నాన్న పెరుగు కలుపుకోవడం పూర్తిచేశారు. తర్వాత నా వైపు తిరిగి, "వెళ్తే సరిగ్గా వెళ్ళాలి. ప్రిపరేషన్ లేకుండా నా ఇంట్లోంచి ఏదీ లైవ్‌లోకి వెళ్ళదు" అన్నారు. అది అనుమతి అని అర్థం కావడానికి నాకు అర నిమిషం పట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆయన లాప్‌టాప్‌లో ఒక షీట్ తయారైంది. పని, గడువు, బాధ్యులు, రిస్కు. ఈ నాలుగు గడులకింద సూటు, బూట్లు, టై, జుట్టు, పూలు, డాన్సు, సంభాషణ అని వరసగా రాశారు. జుట్టుకి ఎదురుగా 'రిస్కు: ఎక్కువ' అని ఎర్ర రంగులో ఉంది. క్షవరం ప్రామ్‌కి సరిగ్గా పది రోజుల ముందు చేయించాలట, పాడైతే కోలుకోవడానికి టైముండేలా. (పాడైంది. కోలుకుంది. ఈ విషయంలో నాన్నకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.) సంభాషణ అనే గడిలో, భోజనం దగ్గర మాటలు ఆగిపోతే వాడుకోవడానికి ఐదు అంశాలు రాసిచ్చారు. మొదటిది వాతావరణం. రెండోది కాలేజీ అప్లికేషన్లు. ఐదోది 'మీ నాన్నగారి ఉద్యోగం ఎలా ఉంది?' ప్రతి శుక్రవారం సాయంత్రం సోఫాలో కూర్చుని స్టేటస్ చెప్పుకునేవాళ్ళం. అద్దె సూటు చేతులు పొడుగైతే ఎవరు తీసుకెళ్ళి మార్పించాలన్నది ఒక శుక్రవారం సాయంత్రమంతా తినేసింది. మెడకి కట్టే బో టై బాబాయి బాధ్యత. అతను వీడియో చూస్తూ అద్దం ముందు నిలబడి కుడీ ఎడమా తారుమారై, చివరికి నా మెడకి విప్పలేని ముడి ఒకటి వేశాడు. అమ్మ కత్తెర తెచ్చి విడిపించింది. ఆ తర్వాత క్లిప్పు టై కొన్నాం.

అమ్మకు సూటుతో, టైతో ఇబ్బంది లేదు. పూల దగ్గర వచ్చింది చిక్కు. ప్రామ్‌కి అబ్బాయి అమ్మాయికి చిన్న పూలగుత్తి తెచ్చి మణికట్టుకి కట్టడం ఆనవాయితీ. ఆ మాట వినగానే అమ్మ తరుగుతున్న బెండకాయలు వదిలేసింది.

"చేతికి పూలు కట్టడమేంట్రా, పెళ్ళిలో కంకణంలాగ? ఫోటోలు కూడా తీస్తారంటున్నావు. ఇంకేం మిగిలింది?"

అది ఎలాస్టిక్ అమ్మా, ముడి ఉండదు అన్నాను. ముడి లేదన్న మాట అమ్మను కొంత శాంతపరిచింది. అయినా ఆమె షరతు ఆమె పెట్టింది: పూలు తీసుకెళ్ళు, కానీ నీ చేత్తో కట్టకు. నాన్న ఆ షరతును కూడా షీట్‌లో చేర్చారు.

ఇక డాన్సు. అది కూడా బాబాయే తీసుకున్నాడు. గంతులేసే పాటలకి అందర్నీ చూసి కాపీ కొట్టచ్చు గాని, నెమ్మదిగా సాగే పాటకి ఇద్దరే ఎదురెదురుగా చేతులు పట్టుకుని అడుగులు వెయ్యాలి, అక్కడే మనవాళ్ళు దొరికిపోతారని అతని సిద్ధాంతం. వారం రోజులు వీడియోలు చూసి, బేస్‌మెంట్లో, బట్టలారేసిన ట్రెడ్‌మిల్లు పక్కన నాకు క్లాసు మొదలుపెట్టాడు. తనను అమ్మాయనుకోమన్నాడు. ఆరడుగుల మీసాలాయన్ని ల్యాబ్ పార్టనర్‌గా ఊహించుకోవడం నావల్ల కాలేదు. నాన్న మెట్లమీద కూర్చుని చూసి, టెస్టింగ్ నిజానికి దగ్గరగా ఉండాలని చెప్పి అమ్మ చున్నీ ఒకటి తెచ్చి తమ్ముడి భుజాన వేశారు. సరిగ్గా ఆ శనివారమే, ఇడ్లీ పాత్ర తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి ఆంటీ (మా వీధిలో ఆమె పేరు బ్రేకింగ్ న్యూస్) తలుపు తీసి ఉందని బేస్‌మెంట్లోకి దిగింది. గులాబీ చున్నీ వేసుకుని నా చెయ్యి పట్టుకుని తిరుగుతున్న బాబాయినీ, చప్పట్లతో లెక్కపెడుతున్న నాన్ననూ చూసింది. ఇడ్లీ పాత్రను మెట్టు మీద పెట్టి, వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోయింది. సాయంత్రానికి అమ్మకు ఏడు ఫోన్లు వచ్చాయి. మీ మరిదికి నాటకాల పిచ్చి ఎప్పట్నుంచి అని ఒకరు, వచ్చే ఉగాదికి ఆడవేషం ఖాళీగా ఉందని ఇంకొకరు. బాబాయికి అప్పటికే సంబంధాలు చూస్తున్నారు, పాపం. అయినా క్లాసు మానలేదు. మూడు వారాలకి నేను ట్రెడ్‌మిల్లు చుట్టూ ఎక్కడా తొట్రుపడకుండా తిరగగలిగాను. డాన్సు గడి షీట్‌లో ఆకుపచ్చ రంగుకి మారింది.

ప్రామ్ రోజు సాయంత్రం నాన్నే వ్యాన్ నడిపారు. వాళ్ళింటి ముందు ఆ అమ్మాయి ముదురు నీలం గౌనులో నిలబడి ఉంది. నేను నేర్చుకున్న ఐదు అంశాల్లో వాతావరణం తప్ప అన్నీ మర్చిపోయాను. ఎండ బాగుందన్నాను. పూల పెట్టె చాపి, అమ్మ మాట గుర్తొచ్చి, కట్టకుండా అలాగే నిలబడ్డాను. ఆమె చెయ్యి చాచి అలాగే నిలబడింది. కాసేపు ఇద్దరం ఆ పెట్టెని చూశాం. చివరికి వాళ్ళమ్మ వచ్చి పూలు తీసి కూతురి మణికట్టుకి తొడిగి, నా వైపు ఎంతో మెచ్చుకోలుగా చూసింది. (వాళ్ళింట్లోనూ ఇదే చర్చ జరిగిందని తర్వాత తెలిసింది.) వాళ్ళ నాన్న, మందుల షాపులో ఫార్మసిస్టు, మా నాన్నతో చెయ్యి కలిపి, పదిన్నరకల్లా పిల్లలు బయటుండాలన్నారు. మా నాన్న పది ఇరవై అయితే ఇంకా మంచిదన్నారు. ఒకరినొకరు చూసుకుని తృప్తిగా తలూపారు. హాలు బయట పార్కింగ్ లాట్‌లోనే వెయిట్ చేస్తామని ఇద్దరూ కలిసి నిర్ణయించుకుని, మమ్మల్ని దించాక మా అమ్మ ఇచ్చిన టీ ఫ్లాస్కుతో మా వ్యాన్‌లోనే కూర్చున్నారు.

లోపల మొదటి గంట బాగానే గడిచింది. గుంపులో ఎగిరాను. నా మోకాళ్ళను ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత దీపాలు తగ్గాయి, నెమ్మది పాట మొదలైంది. ఆమె నా వైపు చూసింది. నాకు భయం లేదు. మూడు వారాల సాధన ఉంది. చెయ్యి పట్టుకుని, బాబాయి నేర్పినట్టే మొదటి అడుగు వేశాను. వెనక్కి. ఆమె కూడా వెనక్కే వేసింది. ఇద్దరి చేతులూ తాడులా సాగాయి. పొరపాటనుకుని మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ ఇద్దరం వెనక్కే వెళ్ళాం. ఈసారి నా వీపు ఎవరికో తగిలింది. చూస్తే మా వైస్ ప్రిన్సిపాల్, చొక్కా మీద పళ్ళరసంతో.

అప్పుడు వెలిగింది నాకు. ఈ డాన్సులో అబ్బాయి ముందుకి, అమ్మాయి వెనక్కి అడుగు వెయ్యాలి. బేస్‌మెంట్లో అమ్మాయి వేషం బాబాయిదే గాని, ఆ ఆరడుగుల మనిషి మూడు వారాలూ నన్ను ముందుకు తోసుకుంటూ తిరిగాడు. నేను వెనక్కి నడిచాను. చున్నీ అతని భుజాన ఉన్నా, ఆడపిల్ల అడుగులు నేర్చుకున్నది నేను. నాన్న టెస్టింగ్‌లో ఇది దొరకలేదు.

వైస్ ప్రిన్సిపాల్‌కి నాలుగుసార్లు సారీ చెప్పాను. ఆయన నవ్వి రుమాలు కోసం వెళ్ళాడు. నా చెవులు కాలిపోతున్నాయి. మా చుట్టూ అందరూ చక్కగా తిరుగుతున్నారు. గోడ పక్కన ఖాళీ కుర్చీలు కనిపించాయి. అటు వెళ్ళి కూర్చుందామని నోటిదాకా వచ్చింది. కానీ మూడు వారాలు పోరాడి వచ్చిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉంది. అందుకని జరిగిందంతా చెప్పేశాను. మూడో వరస, బాబాయి, చున్నీ, ట్రెడ్‌మిల్లు, అన్నీ. నాకు డాన్స్ రాదు, వెనక్కి మాత్రమే వచ్చు అన్నాను.

ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు, ల్యాబ్‌లో రంగు మారకముందు ఉండే నీళ్ళలాగే. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పూలు ఊగేలా నవ్వింది.

"నాకు అదీ రాదు. నువ్వు వెనక్కి వెళ్ళు, నేను ముందుకొస్తాను. ఎవరికైనా తగిలేలా ఉంటే చెప్తాను."

అలా నేను ఆ హాలంతా వెనకడుగులతోనే తిరిగాను. ఆమె నా భుజం మీదుగా చూస్తూ, కుడికి, ఎడమకి, ఆగు, అని చెప్తూ వచ్చింది. ఒక్కరికీ తగల్లేదు. రెండో పాటకి ఆమె చెప్పడం మానేసింది. నేను అడగడం మానేశాను.

పదిన్నరకి భయం భయంగా పరిగెత్తి వ్యాన్ దగ్గరికి వెళ్ళాం. లోపల లైటు వేసి ఉంది. ఫ్లాస్కు ఖాళీ. వాళ్ళ నాన్న చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నారు, మా నాన్న తొడ కొట్టుకుని నవ్వుతున్నారు. ఆయన ఇంటి బయట అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. అద్దం తట్టాను. ఆయన కొంచెం దించి, "అప్పుడే అయిపోయిందా? ఇంకో పది నిమిషాలు అలా నడిచి రండి. అంకుల్ మొదటి ఉద్యోగం గురించి చెప్తున్నారు" అని మళ్ళీ ఎక్కించేశారు.

కార్ల మధ్య నడిచాం. ఆమె హై హీల్స్ చేతిలో పట్టుకుంది. నేను కోటు విప్పి భుజాన వేసుకున్నాను. కాలేజీ గురించి మాట్లాడుకున్నాం, షీట్‌లో ఉందని కాదు, నిజంగానే భయంగా ఉండి. మా ఇద్దరి మధ్యా ప్రేమకథ ఏమీ నడవలేదు. ఆమె దూరం వెళ్ళి చదువుకుని పిల్లల డాక్టరయింది. పెళ్ళికి మా కుటుంబమంతటినీ పిలిచింది. మా నాన్నలిద్దరూ ఇప్పటికీ నెలకోసారి కలిసి టీ తాగుతారు.

అప్పుడప్పుడూ, కొత్త మీటింగులోకి వెళ్ళబోతూ గుండె దడదడా కొట్టుకున్నప్పుడు, ఆ కుర్రాడు కళ్ళముందుకొస్తాడు. పొడుగు చేతుల అద్దె సూటు, పక్కకి జారిన క్లిప్పు టై, ఇంక జీవితంలో కష్టాలన్నీ దాటేశానన్న ధీమా. వాణ్ణి ఆపి, నాయనా, అసలు కష్టాలు ముందున్నాయి అని చెప్పాలని ఒక్క క్షణం అనిపిస్తుంది. చెప్పను. వాడికి ఇంకో పది నిమిషాలున్నాయి. నడవనీ.