గిన్నెకో సీటు కాదన్న మాస్టారు

మూడో అంతస్తు మాస్టారు పోయారన్న కబురు మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పైన ఎవరో కారు అడ్డంగా పెట్టారన్న ఫిర్యాదు, కింద నీళ్ళ ట్యాంకు కడుగుతారన్న నోటీసు. మధ్యలో వాళ్ళమ్మాయి రాసిన ఒక్క వాక్యం: "నాన్నగారు నిద్రలోనే వెళ్ళిపోయారు." పెనం మీద దోసె మాడిపోయింది. ఆయన ఉంటే దానికీ నన్నే తప్పుపట్టేవారు.

కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఆయన దుబాయ్‌లో కూతురి దగ్గరికి వచ్చారు. నేనూ హెడ్మిస్ట్రెస్ కుర్చీ దిగి మా అమ్మాయి ఇంటికే చేరాను. సాయంత్రాలు కింద కిరాణా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని ఇద్దరం పాఠాలు చెప్పుకునేవాళ్ళం. వినేవాళ్ళెవరూ ఉండేవారు కాదు.

ఆయనకి ఒక ఎన్నిక అంటే పిచ్చి. గత శతాబ్దం నడిమధ్యలో ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్ర శాసనసభకి జరిగిందట. పల్లెల్లో కొద్దిమందికే ఒక సీటు, నగరంలో అంతకు ఎన్నో రెట్లమందికీ ఒకటే సీటు. ఎక్కువమంది ఓటేసిన పార్టీ పోయి ప్రతిపక్షంలో కూర్చుంది. అదేదో నిన్న సాయంత్రం జరిగినట్టు మాస్టారికి కోపం. "నాన్నా, ఆ మంత్రులందరూ ఎప్పుడో పోయారు" అని వాళ్ళమ్మాయి అంటే, "మనుషులు పోతే తప్పు ఒప్పయిపోతుందా?" అనేవారు.

"ఆ గోలతో మనకేం సంబంధం మాస్టారూ?" అన్నాను ఒకసారి.

"మీరు ఏడు ఓట్లతో గెలవలేదూ?" అన్నారు.

ఇక్కడ మా ఉగాది విందు కమిటీ సంగతి చెప్పాలి. మొదట్లో బిల్డింగుకో గిన్నె వండి తెచ్చేవారు. అందుకని గిన్నెకో సభ్యుడు. అలా ఏడు బిల్డింగులకి ఏడు సీట్లు. తర్వాత ఊరి చివర కార్ఖానాలుండే ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కు వైపు రెండు లేబర్ క్యాంపుల్లోని మనవాళ్ళు కలిశారు. క్యాంపుకో పెద్ద గిన్నెడు అన్నం తెచ్చారు కాబట్టి క్యాంపుకో సీటు. మా బిల్డింగులో నన్ను గెలిపించిన ఏడు ఓట్లలో మూడు మా ఇంటివే. ఒక క్యాంపు ప్రతినిధి, జగిత్యాల వైపు ఎలక్ట్రీషియన్, అతనికి మూడొందల పైమాటే. కమిటీలో ఇద్దరికీ చెయ్యి ఒకటే. విందు ఏటా శనివారం, క్యాంపులకి సెలవు ఆదివారం. వాళ్ళ అన్నం వచ్చేది, వాళ్ళు వచ్చేవారు కాదు.

ఒక ఏడాది కమిటీ మీటింగుకి మాస్టారు తొమ్మిది డబ్బాల బొబ్బట్లు పట్టుకొచ్చారు. డబ్బాకి పది. "సీటుకో డబ్బా. సమానమే కదా?" అన్నారు అమాయకంగా. నాకు ఓటేసిన ఏడుగురికి తలా ఒకటి పోను మూడు మిగులుతాయని నేను మనసులో లెక్క కూడా వేసుకున్నాను, సిగ్గులేకుండా.

ఎలక్ట్రీషియన్ తన డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. "సారూ, గిది క్యాంపుకు వట్కపోతె లొల్లయితది. వాసన జూపిచ్చి మూత వెట్టాలె, గంతే."

హాలంతా ఒకటే నవ్వు. ఒక్క బ్యాంకు మేనేజరుగారు మాత్రం నవ్వలేదు. "మొదట్నుంచీ ఉన్న రూలండీ" అన్నారు.

"ఆస్ట్రేలియాలోనూ అదే అన్నారండీ" అన్నారు మాస్టారు.

ఇకమీదట తలకో ఓటు, విందు ఏ రోజన్నదీ ఆ ఓటుతోనే. ఇదీ ఆయన ప్రతిపాదన. నాలుగు చేతులు లేచాయి, నాలుగు లేవలేదు. అందరూ నావైపు తిరిగారు. వెనక కూర్చున్న మా అమ్మాయి నా కొంగు లాగి, "అమ్మా, సోమవారం పిల్లలకి స్కూలు!" అంది. నేను చెయ్యెత్తాను. బొబ్బట్టు నోట్లో ఉండటంతో ఉపన్యాసం ఇవ్వలేకపోయాను.

"కూర్చున్న కుర్చీ తనే లాగేసుకున్న సభ్యురాల్ని మొదటిసారి చూశానమ్మా" అన్నారు మాస్టారు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు దొరకదు.

కొత్త పద్ధతిలో నేనూ నిలబడ్డాను. ఖర్జూరాల డబ్బాకి ఆయనే చిల్లి పెట్టి ఓట్ల పెట్టె చేశారు. చిత్తుగా ఓడిపోయాను. "ఓటు రహస్యం అమ్మా," అని ఓదార్చారు, "అయినా మీకు వెయ్యలేదు."

ఆ ఉగాది ఆదివారం వచ్చింది. అంటే, మేం రప్పించాం. క్యాంపు బస్సులు దిగాయి, అన్నంతోపాటు మనుషులూ దిగారు. బొబ్బట్లు మాస్టారే వడ్డించారు. కొత్త ప్రెసిడెంటైన ఎలక్ట్రీషియన్ రెండోది అడిగితే, "ప్రెసిడెంటుకైనా ఒకటే" అని ముందుకు సాగిపోయారు.

మొన్న ఆయన్ని తలుచుకోవడానికి రమ్మని వాళ్ళమ్మాయి అందరికీ కబురు పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ఆదివారం అని రాసింది. నేను పై నుంచి కిందికి దిగేసరికి మూడో అంతస్తుకి వెళ్ళేవాళ్ళ వరస లిఫ్టు దగ్గర మొదలై, కొట్టు దాటి, మా బెంచీ దాటి వీధిలోకి పోయింది. క్యాంపులు రెండూ కదిలొచ్చినట్టున్నాయి. ఎవరో "వాసన జూపిచ్చి మూత వెట్టాలె" అనగానే వరసంతా నవ్వింది. చావింట్లో నవ్వులేమిటని నేను కసరబోయి, నేనే నవ్వేశాను.

చివర్న పోయి నిలబడ్డాను. బ్యాంకు మేనేజరుగారు నా వెనక చేరారు.

ముందున్నతను తిరిగి చూసి పక్కకి జరిగాడు. "పెద్దమ్మా, మీరు ముందటికి పోండ్రి."

"వద్దు నాయనా, మాస్టారు ఊరుకోరు" అన్నాను.

వరస ఒక్క మనిషంత ముందుకు కదిలింది.