మామ్మగారి చిటికెన వేలి కొలత

నిన్న బుధవారం. పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చే బస్సులో ఉండగా రూమ్మేట్ మెసేజ్ పెట్టింది.

"మామ్మగారు నిద్రలోనే పోయారే."

మూడుసార్లు చదివాను. నా ఒళ్లో ఆవిడ తెమ్మన్న నూలుదారం ఉండ ఉంది.

మామ్మగారంటే మా ఇంటి ఓనర్. మేడమీద మేము, కింద ఆవిడ. కొత్త తెలుగు మాటలు రాసుకునే నా నోట్‌బుక్‌లో సగం ఆవిడ చెప్పినవే.

ఆవిడది కొల్లేటి లంకలో చేపలు పట్టే కుటుంబం. పంతొమ్మిది వందల యాభైల్లో ఆవిడ చిన్నపిల్ల. కొన్న బొమ్మ ఒక్కటీ లేదట. తాటిపండు తిన్నాక మిగిలిన టెంకను కడిగి, దాని పీచుకు జడ వేసి, పేరు పెట్టి ఆడుకునేవారట.

"ఏం పేరండీ?" అని అడిగాను.

"ఇప్పుడెందుకే, దానికి పెళ్లి కూడా అయిపోయింది" అన్నారు.

బడికి సంచి కూడా లేదు. నాన్నగారి చిరిగిన వలలో ఒక ముక్క కోసి, మూతికి తాడు ఎక్కించి, తనే చేసుకున్నారు.

అందులో పలక ఆగింది. పుస్తకం ఆగింది.

దోనెలో బడికి వెళ్తుంటే సిరాబుడ్డి మాత్రం జారి కొల్లేట్లో పడింది. గుడ్డపీలిక బిరడా ఊడి, నీళ్లమీద నీలం రంగు కాసేపు తిరిగిందట.

దోనె తోస్తున్న నాన్నగారు తిట్టలేదు. "పెద్ద చేపల వలమ్మా అది. నీ బుడ్డిని చిన్న చేపనుకుని వదిలేసింది" అన్నారట.

వలలో ఒక్కో గడిని కన్ను అంటారు. కొలత వేళ్లతోనే. ఆ సాయంత్రం ఆయన కూతురి చిటికెన వేలు పట్టుకుని, దాని చుట్టూ దారం తిప్పి, కొత్త సంచికి మొదటి కన్ను వేశారు.

పోయిన నెల అలాంటి సంచే నాకోసం మామ్మగారు మొదలుపెట్టారు. తన చిటికెన వేలి కొలతతో సగం అల్లి, మిగతాది నన్ను అల్లమన్నారు. నా చిటికెన వేలి కొలతతో పది వరసలు అల్లి, మొన్న ఆదివారం చూపించాను.

"సంచికి నడుమొచ్చిందేంటే? నీ వేలు ఇంకో నాలుగు ముద్దలు తినాలి. విప్పెయ్."

"పది వరసలండీ. ఉండనివ్వండి."

"ఒరిగిపోద్ది. నా వేలుంది కదా. దారం పట్రా, కూర్చుందాం."

దారం తెచ్చాను.

ఇవాళ ఆ సంచి ముందు పెట్టుకుని, ఆవిడ అల్లిన కన్నులో ఆ వేలికి బదులు ఏది సరిపోతుందా అని చూశాను. పెన్సిల్ వదులు. పెన్ను వదులు. కొత్త మాటలమీద గీసుకునే నా హైలైటర్ దూర్చాను. బిగువుగా ఆగింది.

పక్క కన్నులో పెట్టాను. అక్కడా అంతే. చివరి వరసలోనూ అంతే.

వెళ్లి రండి మామ్మగారూ. అల లేని నీళ్లమీద దోనెలా మీ ప్రయాణం హాయిగా సాగాలి.

రేపు పొద్దున్నే మీ అరుగుమీద కూర్చుని నా పది వరసలూ విప్పేస్తానండీ. హైలైటర్ చుట్టూ దారం తిప్పి, మళ్లీ మొదలుపెడతాను.