తూకాలక్క, దీవి మేకులు

కస్టమ్స్ ఆఫీసులో మా గణాంకాల గదిలో బల్లలు రెండే. ఒకటి నాది, రెండోది తూకాలక్కది. ఆ పేరు పెట్టింది నేనే. బిల్లు మీద ధర ఎంతైనా రాసుకోవచ్చు, ఓడ మోసిన బరువు మాత్రం అబద్ధమాడదని ఆవిడ నమ్మకం. పదిహేనేళ్లుగా ఆ నమ్మకంతో నా ప్రాణం తోడేస్తోంది. తన లెక్కల్లో ఒక్కసారి కూడా నాకు తప్పు దొరకనివ్వలేదు.

ఆ సోమవారం మేకుల దిగుమతి లెక్క దగ్గర ఆగింది. పొరుగు దేశపు మేకులపై అదనపు సుంకం వేసిన మరుసటి నెల నుంచే ఓ చిన్న దీవి మనకు మేకులు పంపుతోంది.

"కొలిమి ఒక్కటైనా లేని దీవికి ఇన్ని మేకులెక్కడివిరా తమ్ముడూ?" అంది.

వెంటనే నన్నూ వెంటబెట్టుకుని పై అధికారి గదికి వెళ్లింది.

"మా అన్నయ్య మేకుల ఫ్యాక్టరీలో మేస్త్రీ అండి. ఈ దొంగ సరుకుతో అక్కడ మెషీన్లు ఆగిపోయాయి. నేను తేలిస్తే మావాళ్ల కోసమే అంటారు. పక్క బల్ల తమ్ముడు చూస్తాడు."

మా పద్ధతి అదే. సొంతవాళ్ల లాభం ఉన్నచోట పక్క బల్లవాళ్లు మొదటి నుంచి లెక్క కట్టాలి. ఇన్నాళ్లకు ఆవిడ తప్పు పట్టే అవకాశం వచ్చింది, నా పంట పండిందనుకుని మూడు రోజులు తవ్వాను. దీవి పొరుగు దేశం దగ్గర కొన్నది నాలుగు వందల పన్నెండు టన్నులు, మనకు అమ్మింది నాలుగు వందల పదకొండు. పెట్టెల మీద దేశం పేరున్న చీటీలు మారాయి, అంతే! తర్వాత ఇక్కడ ఆ మేకులు కొన్న నలుగురి జాబితా తెరిచాను. దాన్ని ఆవిడ బల్ల మీద పెట్టాను.

"అక్కా, మూడో పేరు చూడు."

వాళ్ల అన్నయ్య ఫ్యాక్టరీ. మెషీన్లు ఆపేసి, దీవి మేకుల్నే తమ పెట్టెల్లో సర్దుతున్నారన్నమాట. కేసు పెడితే ఫ్యాక్టరీకి తాళం పడుతుంది, ఆయన ఉద్యోగం పోతుంది.

ఆవిడ నా లెక్కల కాగితం దగ్గరికి లాక్కుంది.

"బరువులు సరిపోయాయా?"

"సరిపోయాయి."

"మరింకేం చూస్తున్నావ్? నాలుగు పేర్లూ రాయి."

"అన్నయ్యకి ఫోన్ చెయ్యవా?"

"సరుకు ఆపాకే. ముందు చేస్తే నేనూ దొంగనే."

మధ్యాహ్నం కంటైనర్లు ఆగాయి. అప్పుడు చేసింది. మా గది ఫోన్లో అవతలి గొంతు నాకూ వినబడుతుంది.

"అన్నయ్యా, మీ సరుకు ఆపించింది మేమే. రేపట్నుంచి నీకు పని ఉండకపోవచ్చు. సాయంత్రం ఇంటికొస్తా. తలుపు తీస్తావా?"



"ఆ పెట్టెలు నా చేత్తోనే కట్టానమ్మా. చెప్పే ధైర్యం లేక, నీ కంట్లో ఎప్పుడు పడతాయా అని రోజూ చూస్తున్నా," అన్నాడాయన. "రా."