బల్లికూర మనవరాలు

మా పెద్దమ్మ పోయింది. మొన్న గురువారం పొద్దున చాయ్ తాగి, సాసర్ పక్కన పెట్టి, కుర్చీలో అట్లాగే వెనక్కి ఒరిగిందట. పక్కింటివాళ్లు పిలిస్తే పలకలేదు. కబురు విని కరీంనగర్ నుంచి పెద్దపల్లికి పోతూ బస్సులోనే చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. కాగజ్‌నగర్ మేనమామకు, జైనూర్‌లో ఉన్న చెల్లెకు, ఆ తర్వాత ఐర్లాండ్‌కు.

ఐర్లాండ్ మా చుట్టాల ఊర్లలో చేరింది పెద్దమ్మ వల్లనే.

ఆమె మా అమ్మకు అక్క. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసింది. మా చర్చి వాళ్లలో ఎవరికీ లేని పిల్లికండ్లు ఆమెవి. ఇంటి వెనక రైలు పోయినప్పుడల్లా చేస్తున్న పని ఆపి, "మా తాత ఏసిన పట్టాల మీదనే పోతుంది" అనేది.

ఆమె తాత, అంటే మా అమ్మమ్మ తండ్రి, పట్టాలు వేయించడానికి వచ్చిన ఐర్లాండ్ మనిషి. ఇక్కడి అమ్మాయిని చర్చిలోనే పెళ్లి చేసుకున్నాడు. బిడ్డ నడక నేర్వకముందే కాగజ్‌నగర్ అవతల అడవి క్యాంపులో జ్వరంతో పోయాడు. భార్యే శవాన్ని పట్టాల ట్రాలీ మీద పెద్దపల్లికి తెచ్చి సమాధుల తోటలో పెట్టించింది. శిలాఫలకానికి స్తోమత ఎక్కడిది? నాలుగు రాళ్లు పేర్చారు, అంతే.

ఊరు మాత్రం ఇంకోలా చెప్పుకుంది. "దొర బిడ్డనిచ్చి రైలెక్కి పోయిండు. గా రాళ్ల కింద ఎవడున్నడో ఎవరికెరుక" అన్నారు. ఆ ఇల్లాలు బతికినన్నాళ్లూ మనవరాలికి చెప్పింది రెండే మాటలు. ఆయన తన ఒడిలోనే 'అవ్వా అవ్వా' అంటూ పోయాడని, ఆయన ఊరు బల్లికూర అని. బడిలో పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? "మీ తాత బల్లికూర తింటడట గదనే!" అని పెద్దమ్మను ఏడిపించేవాళ్లట. ఈ సంగతి నాకు నవ్వుతూనే చెప్పేది.

"ఆయనకు గూడ అవ్వ ఉంటది కదరా," అనేది. "కొడుకు ఏమైండో తెల్వక తొవ్వ చూసుకుంటనే పోయి ఉంటది. మనం కబురు చెప్పాలె."

"ఇప్పుడెవరికి చెప్తవ్ పెద్దమ్మా? వాళ్లంత ఎప్పుడో పోయుంటరు."

"సావు కబురుకు ఆలస్యం లేదు కొడుకా. ఎప్పుడు చెప్పినా చెప్పినట్టే."

కరీంనగర్‌లో స్థిరపడకముందు నేను దోహాలో పనిచేసే రోజుల్లో మా సైట్ ఇంజనీరుది ఐర్లాండ్ అని ఒకసారి ఫోన్లో మాటవరుసకు అన్నాను. ఇక వదిలితేనా! ఫోన్ చేసిన ప్రతిసారీ అదే పాట: "బల్లికూర తెలుసా అని మీ సారును అడిగినవా?" నాకు సిగ్గు. అంత పెద్ద దేశంలో, ఆ పేరుతో ఏం అడగను? చివరికి ఒకరోజు చాయ్ దగ్గర అడిగేశాను. ఆయన నాతో మూడు నాలుగుసార్లు పలికించి, గ్లాసు కింద పెట్టాడు. అట్లాంటి పేరున్న ఊర్లు తమ దగ్గర కొన్ని ఉన్నాయనీ, 'బల్లి' అంటే తమ భాషలో ఊరనీ చెప్పాడు.

ఆ సాయంత్రం ఫోన్లో చెబితే పెద్దమ్మ ఆ మాటను నాతో మళ్లీ చెప్పించుకుంది. తర్వాత ఒకటే నవ్వు. "అంటే మనది పెద్దపల్లి, వాళ్లది బల్లి! గంతే కదరా! మా అమ్మమ్మ కరెక్టుగనే చెప్పింది!"

ఇంజనీరు తల్లికి పాత కుటుంబాల సంగతులు వెదకడం సరదా. ఆమె ఆ పేరున్న ఒక్కో ఊర్లో అడిగింది. మొదట దొరికిన కుటుంబం తమవాళ్లెవరూ ఇండియా పోలేదంది. పెద్దమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదని పక్కింటామె చెప్పింది. మూడో రోజు పెద్దమ్మే ఫోన్ చేసింది: "ఇంకో బల్లికూర చూడమను."

ఆ ఇంకో ఊర్లో ఒక రిటైరైన టీచరు దొరికింది. వాళ్ల తాత తమ్ముడు రైలు పనికి ఇండియా పోయి మళ్లీ కబురే పెట్టలేదట. కన్నతల్లిని మరిచిపోయిన కొడుకని ఆ ఇంట్లో ఆయన పేరు ఎత్తడమే మానేశారట. మా చర్చి పెళ్లి పుస్తకంలో ఉన్న పేరుతో ఆయన పేరు కలిసింది. రూఢి చేసుకోవడానికి ఉమ్మితో చేసే డీఎన్ఏ పరీక్ష చేయించాం. నేను సెలవుకు వచ్చినప్పుడు గొట్టం తెచ్చి ఇస్తే పెద్దమ్మ పళ్లు తోముకుని, ప్రార్థన చేసుకుని మరీ ఉమ్మింది. "నాకన్న ముందుగాల నా ఉమ్మి ఐర్లాండు పోతుంది సూడు!"

రక్తం ఒకటేనని తేలింది. ఆ రోజు పెద్దమ్మ లడ్డూలు కొని వాడకట్టంతా పంచింది. బడిలో ఏడిపించిన ఒక ముసలాయన ఇంటి ముందు ఆగి, తన చేత్తోనే ఆయన నోట్లో పెట్టింది. "తిను మామా. బల్లికూర లడ్డు."

ఆయన నములుతూనే కండ్లు తుడుచుకున్నాడు. "మీ అమ్మమ్మ చెప్పింది నిజమేనే," అన్నాడు.

ఆ చలికాలం టీచరమ్మ, ఆమె తమ్ముడు వచ్చారు. స్టేషన్‌కు చర్చి చర్చే కదిలింది. డప్పులు, పూలదండలు. టీచరమ్మ తనను 'కజిన్' అని పరిచయం చేసుకుంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "కజిన్ అంటే ఏం వరుస? మా అవ్వా, నీ బాపూ అన్నదమ్ముల పిల్లలు. అంటే అన్నాచెల్లెండ్లు. నువ్వు నాకన్న చిన్నదానివి. నాకు మరదలివి!" నేను ఇంగ్లీషులో విప్పి చెప్పలేక తంటాలు పడుతుంటే స్టేషనంతా నవ్వింది.

ఇంటికి తీసుకుపోకుండా నేరుగా సమాధుల తోటకు నడిపించింది. రాళ్ల దగ్గర మరదలి రెండు చేతులూ పట్టుకుని ఇన్నేళ్లుగా దాచుకున్న కబురు చెప్పింది. ఒక్కో మాట నేను ఇంగ్లీషులో చెబుతూ పోయాను.

"మీ తాత తమ్ముడు మిమ్ములను ఇడిచిపెట్టలే అమ్మా. జరమొచ్చి పోయిండు. ఒంటిగ పోలే. మా అమ్మమ్మ ఒడిల పోయిండు. ఆఖరుకు అవ్వా అవ్వా అన్నడట."

టీచరమ్మ ఆ రాళ్ల మీద చేయి పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. లేచాక పెద్దమ్మను గట్టిగా కరుచుకుంది. తమ ఇంట్లో ఆ పేరు మళ్లీ పిల్లలకు పెట్టుకుంటామంది. ఇప్పుడు అక్కడ ఆ పేరుతో ఒక పసివాడు ఉన్నాడు.

పెద్దమ్మ దగ్గర నేను నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే గొప్పగా చెప్పడం నాకు రాదు. లోకం నవ్వినా సరే, తన అమ్మమ్మ మాటను ఆమె నమ్మింది. ఆ నమ్మకంతో రెండు ఇండ్ల మచ్చ కడిగేసింది. ఇక్కడ వదిలేయబడ్డ భార్య లేదు, అక్కడ తల్లిని మరిచిన కొడుకు లేడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెను తాత పక్కనే పెట్టాం. టీచరమ్మ చూడాలని అడిగితే వీడియో కాల్ పెట్టి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. ఇక్కడ నెత్తి మాడే ఎండ. అక్కడ సన్నగా వాన. ఆమె ఇంటి పెరట్లో నిలబడి ఉంది, వెనక గొడుగుల కింద ఆమె మనుషులు. మావాళ్లు ఒక్కొక్కరే వంగి పిడికెడు మట్టి వేసి పక్కకు తప్పుకుంటున్నారు. ఆమె చాలాసేపు అదే చూసింది. తర్వాత గొడుగు పక్కవాళ్లకిచ్చి వంగింది. కాలి దగ్గరి తడి నల్లమట్టి పిడికిట్లోకి తీసుకుని, చేయి ముందుకు చాపి, మెల్లగా వేళ్లు విప్పింది.