దేవుడి పటం వెనక కాగితం

ఎదురింట్లో గ్రైండర్ తిరిగినప్పుడల్లా తడి మినప్పిండి వాసన మా వసారాలోకి వస్తుంది. కోయంబత్తూరులో ఆ వాసన లేని ఇల్లుండదు. అందరికీ అది రేపటి ఇడ్లీ వాసన. నాకు మాత్రం మా ఆయన ఛాతీ మీద ఎండిపోయిన కట్టు వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, నా చెయ్యి తలగడ కోసం వెతుకుతుంది. దాన్ని పక్కటెముకలకు అదుముకుని, నిటారుగా కూర్చుని, గట్టిగా దగ్గుతాను. ఇది నాకు నేర్పింది వసంత. ఆసుపత్రిలో దెబ్బ తిన్నవాళ్ళ చేత వ్యాయామం చేయించే పిల్ల, నా కూతురి కంటే చిన్నది.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. పీలమేడు దగ్గర మిల్లులో పని. ఒక సాయంత్రం బండి మీద నుంచి పడి మూడు పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రిలో రెండు రోజులుంచి, మాత్రలిచ్చి, ఒక కాగితం నా చేతిలో పెట్టి పంపారు. డాక్టరు చాలానే చెప్పాడు. మాత్రల వేళలు తప్ప నా తలకు ఏదీ ఎక్కలేదు. మా ఇంట్లో ముఖ్యమైన కాగితం ఏదొచ్చినా, ఇంటి పత్రమైనా పిల్ల మార్కుల పత్రమైనా, మూలలకు పసుపు రాసి దేవుడి పటం వెనక పెడతాం. దాన్నీ అలాగే పెట్టి దండం పెట్టుకున్నాను. చదువు నాకు రాదు, చదివించాలని తోచలేదు. తరువాత కట్టు కట్టేవాణ్ణి పిలిపించాను. అతను గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి పూసి, పాత పంచె చింపి, ఛాతీ చుట్టూ బిగించాడు. "మనిషిని కదలనీయొద్దు. కదిలితే నీ పసుపు కుంకాలకే చేటు" అన్నాడు.

నేను కదలనివ్వలేదు. ఆయన లేవబోతే రెండు భుజాలూ పట్టి పడుకోబెట్టాను.

"ఊపిరాడలేదే, రవ్వంత కూసోబెట్టు."

"ఊరికే ఉండు మావా, ఎముక జరిగిపోతాది."

దగ్గబోతే నోట్లో తేనె నాకించి ఆపాను. నాలుగో రోజు జ్వరం వచ్చింది. ఆరో రోజు, ఛాతీ నిండా నెమ్ముతో, ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. "పసిబిడ్డలా చూసుకుంది మహాతల్లి" అని వీధంతా మెచ్చుకుంది. ఆ మెప్పు పట్టుకునే నాలుగేళ్ళు బతికాను.

అప్పుడు బస్సు దిగుతూ నేను పడ్డాను. నాకూ పక్కటెముకలే. ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే వసంత వచ్చి మంచం పక్కన నిలబడింది.

"లెయ్యండమ్మా, కిటికీ దాకా నడుద్దాం."

"నీకేమన్నా పిచ్చా అమ్మణీ? ఎముక ఇరిగుండాది నాకు."

"కాలు ఇరగలేదు గదా?"

తిరుమంగళం పక్క పిల్లట, వాళ్ళింట్లోనూ మన మాటేనట. తెలుగు తెలిసిన మనిషి దొరికింది గనక వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆమె తలగడ తెచ్చి నా రొమ్ముకు అదిమి, "దీన్ని గట్టిగా పట్టుకోని దగ్గండి. సుమ్మా, ఊరికే పండుకోనుంటే నెమ్ము చేరుతాది" అంది.

"నా మొగుడికీ ఇదే దెబ్బ. వేలు కదలనీక చూసుకున్నదాన్ని, నాకే చెప్పొచ్చినావా?"

"అట్లనా? ఆయన ఎట్లుండారిప్పుడు?"

నేను గోడ వైపు తిరిగాను.

మూడో రోజు ఆసుపత్రిలో పాత కాగితాలు అడిగారని, తేని ఊళ్ళో కాపురముంటూ నన్ను చూడొచ్చిన నా కూతురు మా ఇంటికి పోయి దొరికినవన్నీ సంచిలో వేసుకొచ్చింది. వసంత వాటిని తిరగేస్తూ పసుపు మూలల కాగితం తీసింది. "చూడండి, మీకు ముందే రాసిచ్చినారు" అంటూ అందులోని తమిళాన్ని మన మాటలో చదివింది. నొప్పికి మాత్ర వేసి కూర్చోబెట్టండి. తలగడ అదిమి దగ్గించండి. రోజూ నడిపించండి. ఛాతీకి కట్టు కట్టకూడదు. చదివాక పైనున్న పేరు చూసి ఆగిపోయింది.

"ఇది ఎవరిదమ్మా?"

"మా ఆయనది" అన్నాను. నాలుగేళ్ళుగా ఆ మాటలు మా ఇంట్లోనే ఉన్నాయి. రోజూ వాటి ముందు దీపం పెట్టాను.

"నేనే చంపినానా అమ్మణీ?"

చిన్నపిల్ల, ఊరడింపుకు ఒక అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "లేచి నడిచుంటే బతికుండేవారో లేదో నాకు తెలీదమ్మా. కట్టు మాత్రం కట్టకూడదు" అంది. వెళ్ళిపోలేదు, పక్కనే కూర్చుంది.

మర్నాడు నేను లేవనన్నాను. బతకాలని లేదన్నాను. ఏడుస్తూ పడుకున్నాను. ఆమె నా వీపు కింద చెయ్యి వేసింది. "ఏడవండి, వద్దన్లేదు. పండుకోని ఏడవొద్దు, కూసోని ఏడవండి. దానికీ ఊపిరి కావాల" అంది. కూర్చుని ఏడ్చాను. దగ్గొచ్చింది, తలగడ అందించింది. కళ్ళు తుడుచుకునేసరికి నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి ఉంది.

ఇప్పుడు ఎముకలు అతుక్కున్నాయి. ఆ కాగితాన్ని పటం వెనక పెట్టడం లేదు, అందరికీ కనిపించేలా తలుపుకు అంటించాను. ఎవరొచ్చినా చదివించుకుంటాను. పొద్దున లేవగానే మంచం అంచున కూర్చుని, వసంత చెప్పినట్టు పది ఊపిరులు నిండుగా తీస్తాను. పదోది తీసేసరికి నా రెండు అరచేతుల కింద ఆయన భుజాలు తగులుతాయి. లేవాలని పైకి నెడుతూనే ఉంటాయి.